లౌడన్ కౌంటీలో మీ మాట సరైన చోట చేరాలంటే: అడుగడుగునా చూసుకోవాల్సినవి

"మా ఇంటి వెనక డేటా సెంటర్ వస్తోందట, ఎవరిని అడగాలి?" "స్కూలు బౌండరీ మారుస్తున్నారట, పిటిషన్ మీద సంతకం పెట్టాం, ఇంకేం చెయ్యాలి?" "మాది ఇంకా హెచ్‌1బీనే, మీటింగులో మాట్లాడొచ్చా?" వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఉండే తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, ఆల్డీ, సౌత్ రైడింగ్, స్టెర్లింగ్ వైపు ఇల్లు కొనుక్కుని స్థిరపడినవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఒక్క విషయం మొదటే పట్టుకోండి. ఓటింగు జరిగే రాత్రికి చాలా నిర్ణయాలు దాదాపు ఖరారై ఉంటాయి. అవి రూపు కట్టేది అంతకు వారాలు, నెలల ముందు. అందుకే ఏ బోర్డు దగ్గరికి వెళ్లాలి, ఏ దశలో వెళ్లాలి, ఏం కోరాలి అన్నవి ముందు తేల్చుకోవాలి. మిగతా పనంతా దాని తర్వాతే.

1. మీరు ఎవరి పరిధిలో ఉన్నారో తేల్చుకోండి

పోస్టల్ అడ్రసును నమ్మకండి. సౌత్ రైడింగ్ ఇళ్ల అడ్రసులో చాంటిలీ అని ఉంటుంది. అసలు చాంటిలీ ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో ఉంది, సౌత్ రైడింగ్ మాత్రం లౌడన్‌లోది. ఈ తికమకతో పక్క కౌంటీ ఆఫీసుకు మెయిల్ పంపి, జవాబు రాలేదని కూర్చునేవాళ్లు ఉంటారు.

యాష్‌బర్న్, స్టెర్లింగ్ ఎంత పెద్దవైనా వాటికి మేయరు గానీ కౌన్సిల్ గానీ లేవు. నేరుగా కౌంటీయే చూస్తుంది. లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్, లవెట్స్‌విల్, హామిల్టన్, రౌండ్ హిల్, హిల్స్‌బరో అనే 7 టౌన్లకు మాత్రం సొంత కౌన్సిళ్లు ఉన్నాయి. అక్కడ ఉండేవాళ్లకు టౌన్, కౌంటీ రెండూ వర్తిస్తాయి.

కౌంటీకి పైన ఉండేది 9 మంది సభ్యుల బోర్డ్ ఆఫ్ సూపర్వైజర్స్. ఛైర్‌ను కౌంటీ మొత్తం ఎన్నుకుంటుంది. మిగతా 8 మంది డిస్ట్రిక్టుకు ఒకరు చొప్పున వస్తారు: ఆల్గాంకియన్, యాష్‌బర్న్, బ్రాడ్ రన్, కటాక్టిన్, డల్లెస్, లీస్‌బర్గ్, లిటిల్ రివర్, స్టెర్లింగ్. అంటే ఆ బోర్డులో మీ తరఫున ఇద్దరున్నట్టు: మీ డిస్ట్రిక్టు సూపర్వైజరు, ఛైర్. స్కూల్ బోర్డు కూడా ఇలాగే 9 మందితో, విడిగా ఎన్నికవుతుంది.

యాష్‌బర్న్‌లో ఉన్నంత మాత్రాన మీది యాష్‌బర్న్ డిస్ట్రిక్టే అనుకోవద్దు. కౌంటీ వెబ్‌సైటులో అడ్రసు కొట్టి చూసుకోండి.

చెక్‌లిస్టు:
☐ నా ఇల్లు ఏ కౌంటీలో ఉంది? టౌన్ హద్దుల్లో ఉందా?
☐ నా ఎలక్షన్ డిస్ట్రిక్టు ఏది?
☐ సూపర్వైజరు, స్కూల్ బోర్డు సభ్యుల పేర్లు, ఆఫీసు మెయిల్స్ ఫోన్లో సేవ్ చేశానా?
☐ మా వీధి పబ్లిక్ రోడ్డా, హెచ్‌ఓఏ (మా కమ్యూనిటీ ఇళ్ల యజమానుల సంఘం) సొంత రోడ్డా?

2. ఏ సమస్య ఎవరిది?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కౌంటీ అనగానే అన్నీ ఒకే ఆఫీసు చేతిలో ఉంటాయనుకుంటాం.

రోడ్డు గుంత, ట్రాఫిక్ సిగ్నల్, మెయిన్ రోడ్డు మీద మంచు తీయడం: వర్జీనియాలో దాదాపు అన్ని కౌంటీల్లోనూ పబ్లిక్ రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖది, అంటే వీడాట్‌ది. వాళ్ల సైటులో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. కదలిక లేకపోతే ఆ నంబరుతో సూపర్వైజరు ఆఫీసుకు రాయండి. నంబరు ఉన్న ఫిర్యాదును వాళ్లు వెంటబడి అడగగలరు.

టౌన్‌హౌస్ కమ్యూనిటీ లోపలి చిన్న రోడ్లు, పార్కింగ్, చెత్త బండి: చాలావరకు హెచ్‌ఓఏ. అది ప్రభుత్వం కాదు, దాని మీద కౌంటీకి పెత్తనం తక్కువ. అక్కడ పని జరగాలంటే హెచ్‌ఓఏ బోర్డు మీటింగుకే వెళ్లాలి.

నీళ్లు, డ్రైనేజీ బిల్లు: కౌంటీలో ఎక్కువ చోట్ల లౌడన్ వాటర్. అది వేరే సంస్థ.

స్కూలు బౌండరీలు, బస్సులు, పాఠాలు: స్కూల్ బోర్డు. డబ్బు ఇచ్చేది సూపర్వైజర్లు. ఇచ్చిన డబ్బును ఏ కార్యక్రమానికి ఎంత పెట్టాలో తేల్చేది మాత్రం స్కూల్ బోర్డే.

ఇంటి పన్ను: విలువ కట్టేది కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ, రేటు పెట్టేది సూపర్వైజర్లు, డబ్బు వసూలు చేసేది ట్రెజరర్. కౌంటీ పోలీసు వ్యవస్థకు పెద్ద అయిన షెరీఫ్ కూడా ప్రజలు ఎన్నుకున్న వ్యక్తే, సూపర్వైజర్ల కింద ఉద్యోగి కాదు.

ఇంకో విషయం. వర్జీనియాలో రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారాలే కౌంటీకి ఉంటాయి. "ఇది మా చేతుల్లో లేదు" అని సూపర్వైజరు అంటే ప్రతిసారీ తప్పించుకుంటున్నారని కాదు. అలాంటప్పుడు రాష్ట్ర చట్టసభలో మీ ప్రతినిధులైన డెలిగేటునో సెనేటరునో కలవాలి.

3. వార్తలు వాటంతటవే మీ దగ్గరికి వచ్చేలా చూసుకోండి

ఒకసారి కాసేపు కూర్చుని ఈ ఏర్పాట్లు చేసేస్తే చాలు.

☐ అలర్ట్ లౌడన్‌లో పేరు నమోదు చేసుకోండి. వాతావరణ హెచ్చరికలతో పాటు కౌంటీ సమాచారంలో ఏమేం కావాలో టిక్ పెట్టుకోవచ్చు.
☐ మీ సూపర్వైజరు న్యూస్‌లెటర్ తెప్పించుకోండి. మీ వైపు ఏ ప్రాజెక్టు ఏ దశలో ఉందో ఇందులోనే ముందు తెలుస్తుంది.
☐ స్కూల్ బోర్డు సమాచారానికి విడిగా నమోదు చేసుకోండి. కౌంటీది ఉంటే అదీ వస్తుందనుకోవద్దు.
☐ లౌడన్ నౌ, లౌడన్ టైమ్స్-మిర్రర్ పత్రికల్లో ఒకదాన్నైనా వారానికోసారి చూడండి.

కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఏదైనా భయపెట్టే మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేసే ముందు "అన్నా, అప్లికేషన్ నంబరెంత? ఏ మీటింగు ఎజెండాలో ఉంది?" అని అడగండి. నంబరు చెబితే మీరే వెతికి చూసుకోవచ్చు. చెప్పలేకపోతే అందులో ఎంత నిజముందో తేలేదాకా ఆగండి. గ్రూపులో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇద్దరున్నా సగం టెన్షన్ తగ్గుతుంది.

4. ఎజెండా ఎలా చదవాలి?

సూపర్వైజర్ల బిజినెస్ మీటింగులు మామూలుగా నెలలో మొదటి, మూడో మంగళవారాల్లో లీస్‌బర్గ్‌లోని ప్రభుత్వ భవనంలో జరుగుతాయి. పబ్లిక్ హియరింగు, అంటే ప్రజల అభిప్రాయాలు వినే మీటింగు, రెండో బుధవారం ఉంటుంది. ఆగస్టులో విరామం. తేదీలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు క్యాలెండరు చూసుకోండి. ఇంట్లోంచే లైవ్ చూడొచ్చు, పాత మీటింగుల వీడియోలూ దొరుకుతాయి.

ఎజెండాలో ఒక్కో అంశానికి జతగా ఉండే కాగితాలు పదుల పేజీలుంటాయి. మొదటి పేజీ నుంచి చదువుతూ పోతే అలిసిపోతారు. నేను చెప్పే వరస ఇది:

ముందు చివర ఉండే డ్రాఫ్ట్ మోషన్లు చూడండి. బోర్డు ఆ రోజు నిజంగా ఏ వాక్యం మీద ఓటేస్తుందో అక్కడ ఉంటుంది. ఆమోదించడం, తిరస్కరించడం, ఇంకో మీటింగుకు వాయిదా వేయడం, ఇలా రెండు మూడు రకాలు రాసి పెడతారు. మీరు కోరేది వాటిలో ఏదో ఒకటై ఉండాలి, లేదా దానికి చిన్న మార్పు కావాలి.

తర్వాత సిబ్బంది సిఫార్సు, ఆ వెంటనే ఖర్చు వివరం. నేపథ్యం ఆఖర్న చదివినా చాలు. పైన ఏ ఉద్యోగిని సంప్రదించాలో పేరుంటుంది. అర్థం కానిది వాళ్లనే అడగండి. మర్యాదగా రాస్తే చాలావరకు జవాబిస్తారు.

కన్సెంట్ ఎజెండా అనే చోట ఉన్నవన్నీ చర్చ లేకుండా ఒకే ఓటుతో పాసైపోతాయి. మీ అంశం అక్కడ కనిపిస్తే మీటింగుకు ముందే సూపర్వైజరుకు రాసి, దాన్ని విడిగా చర్చకు తీయమని కోరాలి.

పెద్ద అంశాలు చాలావరకు ముందు కమిటీకి వెళ్తాయి. డబ్బు సంగతులు ఫైనాన్స్ కమిటీకి, రోడ్లు, భూములవి ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ లాండ్ యూజ్ కమిటీకి. మార్పులకు చోటున్నది ఎక్కువగా అక్కడే, కాబట్టి ఆ ఎజెండాల మీద కూడా కన్నేసి ఉంచండి.

5. బడ్జెట్: ఎప్పుడు అడిగితే పని జరుగుతుంది

కౌంటీ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. స్కూళ్ల సూపరింటెండెంట్ జనవరిలో తన ప్రతిపాదన పెడతారు. కౌంటీ అడ్మినిస్ట్రేటరు ఫిబ్రవరిలో పెడతారు. హియరింగులు ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో జరుగుతాయి. ఏప్రిల్ మొదట్లో ఆమోదం. మే నెలలో వెళ్లి లైబ్రరీ వేళలు పెంచమంటే ఏడాది ఆగమన్నట్టే.

స్కూల్లో ఏదైనా కొత్తగా కావాలంటే జనవరిలోనే స్కూల్ బోర్డుకు చెప్పండి. మార్చిలో సూపర్వైజర్లను అడిగితే వాళ్లు మొత్తం సొమ్ము పెంచగలరేమో గానీ, దాన్ని మీరు కోరిన పనికే పెట్టమని స్కూల్ బోర్డును శాసించలేరు.

పన్ను లెక్క చేతిలో పెట్టుకోండి. 7 లక్షల డాలర్ల ఇంటికి రేటులో 1 సెంటు తేడా అంటే ఏడాదికి 70 డాలర్లు. 2024లో రేటు ప్రతి 100 డాలర్లకు 86.5 సెంట్లు, 2025లో 80.5. రేటు 6 సెంట్లు తగ్గింది కదా, బిల్లు అంతే తగ్గాలి అనిపిస్తుంది. 7 లక్షల ఇంటికి 2024లో 6,055 డాలర్లు. అదే ఇంటి విలువను మరుసటి ఏడాది 7.5 లక్షలుగా కడితే 6,037 డాలర్లు దాటుతుంది. రేటు తగ్గినా బిల్లు దాదాపు అక్కడే ఉంది.

అందుకే మీ అసలు ఇబ్బంది విలువతోనా, రేటుతోనా అన్నది ముందు తేల్చుకోండి. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే, ఏడాది మొదట్లో వచ్చే అసెస్‌మెంట్ నోటీసులోని గడువు లోపల రివ్యూ అడగండి. మీ ఇంటిలాంటివే, మీ దగ్గర్లోనే, అసెస్‌మెంట్ తేదీ అయిన జనవరి 1కి ముందు అమ్ముడైన ఇళ్ల ధరలు జతచెయ్యండి. వెబ్‌సైట్లలో కనిపించే అంచనా ధరలు సాక్ష్యంగా నిలవవు. రేటు మీద అభ్యంతరమైతే బడ్జెట్ హియరింగుకు వెళ్లండి. హియరింగులో నిలబడి "మా ఇంటి విలువ తప్పు కట్టారు" అంటే అక్కడున్నవాళ్లు చేయగలిగిందేమీ లేదు.

6. పక్క స్థలంలో ఏదో కడుతున్నారు: ఏం చెయ్యాలి?

దీని మీదే ఎక్కువ ప్రశ్నలొస్తాయి, గడువులు చేజారేదీ ఎక్కువగా ఇక్కడే. కొంచెం నెమ్మదిగా చూద్దాం.

ముందు స్థలం దగ్గరికి వెళ్లండి. హియరింగుకు ముందు రోడ్డు వైపు కనబడేలా నోటీసు బోర్డు పెడతారు. దాని మీద అప్లికేషన్ నంబరు ఉంటుంది. కారులోంచి వెళ్తూ చదవలేం, దిగి ఫోటో తీసుకోండి. ఆ నంబరుతో కౌంటీ ఆన్‌లైన్ సిస్టమ్‌లో ప్లాన్లు, ట్రాఫిక్ రిపోర్టులు, సిబ్బంది వ్యాఖ్యలు అన్నీ తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఆ అప్లికేషన్ ఏ రకమో చూడండి.

బై-రైట్: ఆ స్థలం జోనింగులో (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే కౌంటీ నియమాల్లో) ఆ వాడకానికి ముందే అనుమతి ఉంది. హియరింగు ఉండదు, సూపర్వైజర్ల ఓటు ఉండదు. నియమాలన్నీ పాటిస్తే సిబ్బంది ఆమోదించాల్సిందే. ఎన్ని సంతకాలు సేకరించినా ఇక్కడ ఆగదు. నియమాల ఉల్లంఘన ఉంటే అది చూపించడం ఒక్కటే దారి.

స్పెషల్ ఎక్సెప్షన్: షరతులతో ఇచ్చే అనుమతి. రాత్రి లైట్లు, శబ్దం, చెట్ల వరస, గోడ ఎత్తు లాంటి షరతులు అడగొచ్చు.

రీజోనింగ్: స్థలం జోనే మార్చడం. ఇందులో బిల్డరు తనంతట తానుగా ప్రాఫర్లు, అంటే రాతపూర్వక హామీలు ఇస్తాడు. ఫుట్‌పాత్, సిగ్నలుకు డబ్బు, పార్కుకు స్థలం లాంటివి. ఒకసారి ఆమోదించాక అవి ఆ భూమిని అంటిపెట్టుకుని ఉంటాయి.

డేటా సెంటర్ల విషయంలో 2025 మార్చిలో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు కొన్ని జోన్లలో బై-రైట్‌గా కట్టే వీలుండేది. సూపర్వైజర్లు దాన్ని తీసేసి, కొత్తవాటికి హియరింగు తప్పనిసరి చేశారు. అయినా అప్పటికే దారిలో ఉన్న ప్రాజెక్టుల సంగతి వేరుగా ఉండొచ్చు, కాబట్టి మీ పక్కది ఏ నియమం కిందికి వస్తుందో ఫైలు చూస్తున్న కౌంటీ ఉద్యోగిని, అంటే ప్లానరును, రాతపూర్వకంగా అడగండి.

దశలు ఇలా నడుస్తాయి:
ఒకటి, అప్లికేషన్ తీసుకుంటారు.
రెండు, రోడ్లు, అగ్నిమాపక, పర్యావరణ విభాగాలకు వ్యాఖ్యల కోసం పంపుతారు.
మూడు, సూపర్వైజర్లకు సలహా ఇచ్చే ప్లానింగ్ కమిషన్ హియరింగు పెట్టి సిఫార్సు చేస్తుంది.
నాలుగు, సూపర్వైజర్ల హియరింగు, ఆ తర్వాత ఓటు.

మీరు దిగాల్సింది రెండో దశలో. అప్పటికి ప్లాన్లు ఇంకా మారుతూ ఉంటాయి. ప్లానరుకు, బిల్డరు తరఫు ప్రతినిధికి రాసి కమ్యూనిటీ మీటింగు పెట్టమనండి. చాలామంది నాలుగో దశలో వస్తారు. అప్పటికి బిల్డరు లాయరు, సిబ్బంది నెలల తరబడి మాట్లాడుకుని ఉంటారు.

"మాకొద్దు" అన్న మాట బలహీనమైనది. "జనరేటర్లను ఇళ్ల వైపు కాకుండా అవతలి వైపు పెట్టండి, పరీక్షలు వారాంతాల్లో వద్దు, మధ్యలో ఏడాదంతా ఆకులుండే చెట్లు నాటండి" అంటే సూపర్వైజరు దాన్ని షరతుగా రాయించగలరు. ప్రాజెక్టు వద్దనే మీ ఉద్దేశం అయినా, ఒకవేళ ఆమోదిస్తే ఏ షరతులు కావాలో కూడా చెప్పి ఉంచండి.

ఇళ్ల ధర పడిపోతుంది, పక్కకు ఎవరొస్తారో అన్న వాదనలు వదిలేయండి. కౌంటీ ప్రణాళిక, రోడ్ల సామర్థ్యం, శబ్దం, ఎత్తు, వరద నీరు, వీటి చుట్టూ మాట్లాడితేనే అది ఫైలులో నిలుస్తుంది.

7. మెయిల్ ఎలా రాయాలి?

సబ్జెక్టులో అప్లికేషన్ నంబరు లేదా ఎజెండా అంశం, మీ కోరిక. మొదటి లైన్లో మీ పేరు, ఉండే ప్రాంతం, డిస్ట్రిక్టు. రెండో లైన్లో ఒకే ఒక్క కోరిక. తర్వాత రెండు కారణాలు, ఒక ఫోటో. అంతే, ఒక స్క్రీను దాటొద్దు.

ఒకే మెసేజ్‌ను రెండొందల మంది కాపీ చేసి పంపితే దాన్ని ఒకే అభిప్రాయంగా చూసే ప్రమాదం ఉంది. పదిమంది సొంత మాటల్లో, ఎవరి వీధి సంగతి వాళ్లు రాస్తే చదువుతారు. మెయిల్ హియరింగుకు రెండు మూడు రోజుల ముందే చేరాలి. ఇది పబ్లిక్ రికార్డవుతుంది, పిల్లల పేర్లు, ఆరోగ్య వివరాలు రాయకండి.

8. మైకు ముందు

క్లర్కు ఆఫీసు ద్వారా లేదా ఆన్‌లైన్లో ముందుగా పేరిచ్చుకోండి. ఎన్ని నిమిషాలిస్తారో ఆ నోటీసులోనే ఉంటుంది. మామూలుగా రెండు మూడు నిమిషాలు మించదు. 2 నిమిషాలంటే నింపాదిగా చదివితే 250 ఇంగ్లిష్ పదాలు. ఇంట్లో ఫోన్ టైమరు పెట్టుకుని గట్టిగా చదివి చూడండి.

వరస ఇలా పెట్టుకోండి:
"నా పేరు ఫలానా, ఫలానా డిస్ట్రిక్టులో ఉంటాను. ఫలానా అంశం మీద మాట్లాడుతున్నాను. ఫలానా షరతు చేర్చి ఆమోదించమని కోరుతున్నాను." కోరిక ఇక్కడే వచ్చేయాలి. చివరికి దాచుకుంటే టైమరు మోగిపోతుంది. తర్వాత మీ ఇంటి దగ్గర మీరు చూసింది ఒకటి. ముగింపులో కోరిక మళ్లీ ఒక్క వాక్యంలో.

వాళ్లు వెంటనే జవాబు చెప్పకపోతే నిరాశపడొద్దు. ప్రజల వ్యాఖ్యల సమయంలో చర్చ జరపరు, వింటారు. పదిమంది కలిసి వెళ్తే మాటలు పంచుకోండి: ఒకరు ట్రాఫిక్, ఒకరు శబ్దం, ఒకరు స్కూలు బస్సు. అందరూ అదే చెప్పొద్దు.

ఇంగ్లిష్ తడబడుతుందని పెద్దవాళ్లు వెనకడుగు వేస్తుంటారు. కాగితం చూసి చదవొచ్చు, తప్పేం లేదు. దుబాసీ కావాలంటే చాలా రోజుల ముందే క్లర్కు ఆఫీసును అడగండి, ఆ రోజు సాయంత్రం అడిగితే కుదరదు.

9. కాగితాలు అడగడం

ఇండియాలో ఆర్టీఐ వేసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వర్జీనియా సమాచార హక్కు చట్టం ప్రకారం ఆఫీసు 5 పనిదినాల్లో స్పందించాలి. కుదరకపోతే కారణం చెప్పి మరో 7 పనిదినాలు తీసుకోవచ్చు. మీ పేరు, చిరునామా అడగొచ్చు. కారణం మీరు చెప్పనక్కర్లేదు.

"ఈ ప్రాజెక్టు గురించిన అన్ని మెయిల్స్" అని అడిగితే వెతికే ఖర్చు మీ మీద పడుతుంది. తేదీలు, విభాగం, కాగితం రకం చెప్పండి. "ముందుగా ఖర్చు అంచనా ఇవ్వండి" అన్న వాక్యం తప్పక చేర్చండి.

10. ఒక అడుగు లోపలికి: సలహా బోర్డులు, వాలంటీరు పని

లైబ్రరీ బోర్డు, పార్కుల బోర్డు, ట్రాన్సిట్ అడ్వైజరీ బోర్డు, వయోవృద్ధుల కమిషన్, డిజెబిలిటీ సర్వీసెస్ బోర్డు, ఇలాంటివాటిలో మామూలు నివాసులే సభ్యులు. చాలా సీట్లకు సూపర్వైజర్లే పేర్లు ప్రతిపాదిస్తారు. అందుకని ఫారం నింపేసి ఊరుకుంటే సరిపోదు. మీ సూపర్వైజరు ఆఫీసుకు రాసి, ఏ బోర్డు, ఎందుకు, నెలకు ఎంత సమయం ఇవ్వగలరో చెప్పండి. ముందు ఆ బోర్డు మీటింగులకు రెండు మూడు సార్లు ప్రేక్షకులుగా వెళ్లి కూర్చోండి. ఆ తర్వాత రాసే మెయిలు వేరేగా ఉంటుంది.

నన్నడిగితే మనవాళ్లు మొదట పార్కులు, ట్రాన్సిట్ బోర్డుల వైపు చూడాలి. క్రికెట్ గ్రౌండు కావాలన్నా, కారు నడపని అమ్మానాన్నలకు బస్సు కావాలన్నా చర్చ అక్కడి నుంచే కదులుతుంది.

అంత సమయం లేనివాళ్లకు లైబ్రరీల్లో వాలంటీరు పనులున్నాయి. కౌంటీ ఫైర్ అండ్ రెస్క్యూ వ్యవస్థలో జీతం తీసుకునేవాళ్లతో పాటు వాలంటీర్లూ పనిచేస్తారు, శిక్షణ ఇస్తారు.

11. వీసా, గ్రీన్ కార్డు, ఓటు: గీత దాటకండి

మీటింగుకు వెళ్లడం, మాట్లాడటం, మెయిల్ రాయడం, వీటికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌1బీ, హెచ్‌4, గ్రీన్ కార్డు, ఏదైనా సరే. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు కూడా హాల్లో కూర్చుని చూడొచ్చు. బోర్డు సీట్లకు మాత్రం ఒక్కోదానికి ఒక్కో అర్హత ఉంటుంది, ముందే అడగండి.

ఓటు, ఓటరు నమోదు, పోలింగు రోజు ఎన్నికల అధికారిగా పనిచేయడం పౌరులకే. డీఎంవీలో లైసెన్సు పనికి వెళ్లినప్పుడు ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. పౌరులు కానివాళ్లు హడావిడిలో "అవును" నొక్కితే అది పౌరసత్వం గురించి తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది, ఇమిగ్రేషన్‌కే ఎసరు పెడుతుంది. తెర మీద ఉన్నది పూర్తిగా చదివి "కాదు" ఎంచుకోండి. పొరపాటు జరిగిపోతే ఎవరికీ ఏదీ రాయకముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. జ్యూరీ ప్రశ్నావళి ఇంటికొస్తే పారేయకుండా, పౌరులం కాదని నిజం రాసి గడువులోగా తిప్పి పంపండి.

పౌరసత్వం వచ్చినవాళ్లు పేరు నమోదైందో లేదో ఇప్పుడే చూసుకోండి. సూపర్వైజర్లు, స్కూల్ బోర్డు ఎన్నిక 2027 నవంబరులో. ముందస్తు ఓటింగు 45 రోజుల ముందే మొదలవుతుంది. పార్టీ ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) జరిగితే అవి మామూలుగా జూన్‌లో ఉంటాయి, కొన్ని డిస్ట్రిక్టుల్లో అసలు పోటీ అక్కడే ఉండొచ్చు.

ఈ వారం చేయాల్సినవి:
☐ అడ్రసు కొట్టి డిస్ట్రిక్టు చూసుకోవడం
☐ అలర్ట్ లౌడన్, సూపర్వైజరు న్యూస్‌లెటర్ నమోదు
☐ ఒక పాత మీటింగు వీడియోలో ప్రజల వ్యాఖ్యల భాగం చూడటం
☐ రాబోయే ఎజెండాలో మీకు సంబంధించిన ఒక్క అంశం ఎంచుకుని దాని డ్రాఫ్ట్ మోషన్లు చదవడం
☐ ఆ అంశం మీద నాలుగు లైన్ల మెయిల్ పంపడం